అవ్వ, నేను, చిక్కబళ్ళాపురంలో ఒక మేడగది

ఇంజనీరింగు సీటు చిక్కబళ్ళాపురంలో వచ్చిందని తెలిసిన రోజు మా ఇల్లంతా సంబరపడింది. ఆ సంబరం భోజనాల దాకానే నిలిచింది. పీయూసీలో, అంటే ఇంటరులో, నాకు వచ్చిన మార్కుల గురించి అంగడికి వచ్చిన ప్రతివాళ్ళకూ చెప్పి చెప్పి అలిసిపోయిన మా నాయన కంచం ముందు కూర్చున్నాడు. ఉన్నట్టుండి, "అంతా సరే, ఇది యాడుంటాది?" అన్నాడు. అన్నం కలుపుతున్న చేతులన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి.

మాది కన్నడ సీమలోని చింతామణి, ఇంట్లో మాట మాత్రం తెలుగే. బజారు వీధిలో చింతపండు, బెల్లం, ఎండుమిరపకాయల అంగడి. అంగడి వెనకే ఇల్లు. నాయన, చిన్నాయన, వాళ్ళ సంసారాలు, పిల్లలు, మా అవ్వ, అందరూ కలిసి పన్నెండు మందిమి. ఆ ఇంటి ఆడపిల్ల చదువు కోసం ఇంకొక ఊళ్ళో ఉండటమన్నది అంతవరకూ జరగలేదు. వద్దని ఎవరూ అనలేదు. ఎలా అన్నది మాత్రం ఎవరికీ తెలియలేదు.

మొదట అందరికీ తోచింది బస్సు. పొద్దున్నే లేచి శిడ్లఘట్ట మీదుగా పోవడం, చీకటి పడేలోపల రావడం. ఆ బస్సులో పూలమూటలు, పట్టుగూళ్ళ సంచులు, కాలేజీ పిల్లలు, ఆఫీసు ఉద్యోగులు అందరూ ఎక్కుతారు. నాకు సీటు దొరికింది రెండు రోజులో, మూడు రోజులో. తొమ్మిదో రోజు నిలబడే నిద్రపోయి, డ్రైవరు బ్రేకు వేసినప్పుడు కడ్డీకి నుదురు కొట్టుకున్నాను. ఇంటికి నిమ్మకాయంత బొప్పితో వచ్చాను. మా అమ్మ దాని మీద పసుపు పెడుతూ, ఎవరివైపూ చూడకుండా, "నాలుగేండ్లు ఇట్ల పోతే ఈ పిల్ల మిగలదు," అంది. మా అమ్మ ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. అందుకే ఆమె అన్న మాట ఇంట్లో నిలిచింది.

చిక్కబళ్ళాపురంలో చోటు చూడాలని నిర్ణయమైంది. ఎవరు చూస్తారు? నాయనకు అంగడి వదిలే వీలు లేదు. అమ్మకు పన్నెండు మంది వంట. అప్పుడు మూలన కూర్చుని చింతపండులో గింజలు ఏరుతున్న అవ్వ తల ఎత్తి, "నేను పోతాను దీని జతలో," అంది.

చిన్నాయన నవ్వాడు. నవ్వక ఏం చేస్తాడు? అవ్వకు అప్పటికి డెబ్బైకి దగ్గర. పదహారేళ్ళప్పుడు గుడిబండె దగ్గరి పల్లె నుంచి ఆ ఇంటికి కోడలిగా వచ్చింది. అప్పటినుంచి పెళ్ళిళ్ళకూ చావులకూ తప్ప ఊరు దాటలేదు. దాటినప్పుడు కూడా ఎవరో ఒక మగమనిషి వెనకాల నడిచింది. చింతపండు సంచిలో చెయ్యి పెట్టి అది ఏ సీమ కాయో చెప్పగలదు. అది తప్ప ఆమెకు ఇంకేమైనా వచ్చునని మాలో ఎవరమూ ఆలోచించలేదు. నేను కూడా.

ఆ ఆదివారం మేమిద్దరం పోయాము. కాలేజీ హాస్టలులో గదులు నిండిపోయాయన్నారు. వార్డెను మర్యాదగానే మాట్లాడి, అర్జీ రాసిచ్చి పొమ్మంది. తరువాత బైపాసు దగ్గర ఒక పీజీకి పోయాము. మూడంతస్తుల కొత్త కట్టడం. పెద్ద హాలును ప్లైవుడ్డు పలకలతో ముక్కలు ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కలో ఒక మంచం, ఒక చిన్న బీరువా పెట్టారు. మేనేజరు అన్నీ చూపిస్తూ వైఫై గురించి, వాషింగ్ మెషీను గురించి చెప్పాడు. నాకు నచ్చింది. నిజం చెప్పాలంటే చాలా నచ్చింది. నా వయసు పిల్లలు, చెవుల్లో ఇయర్‌ఫోన్లు, మెట్ల మీద నవ్వులు.

అవ్వ లోపలికి పోయి మంచం మీద కూర్చుంది. చుట్టూ చూసి, "అప్పా, ఈడికి సూర్యుడు ఏ పక్కనుంచి వస్తాడు?" అని అడిగింది.

మేనేజరుకు అర్థం కాలేదు. "లైటు ఉండాది కదవ్వా," అన్నాడు.

అవ్వ వేలి కణుపుతో ప్లైవుడ్డును రెండుసార్లు కొట్టింది. అవతలినుంచి ఒక ఆడపిల్ల గొంతు, "ఎవరు?" అంది.

"ఎవరూ లేదమ్మా. రూము చూసేదానికి వచ్చినాము. చదువుకుంటాండావా?"

"ఊ అవ్వా. రేపు ఇంటర్నల్స్."

"నీకు ఈడ బాగా నిద్ర పడతాదా?"

మేనేజరు ఇబ్బందిగా నవ్వాడు. తరువాత ఆ పిల్ల మెల్లగా, "ఊరికి పోయినప్పుడు పడతాదవ్వా," అంది.

అవ్వ చేత్తో ఆ పలకను నిమిరింది, అవతలి పిల్ల వీపు నిమిరినట్టు. "సరేమ్మా. చదువుకో," అని లేచింది. ముఖం కూడా చూడని పిల్ల దగ్గరనుంచి ఒక్క ప్రశ్నతో ఆ ఇంటి గుట్టంతా రాబట్టిన మా అవ్వను నేను మెట్లు దిగుతున్నంతసేపూ చూస్తూనే ఉన్నాను. ఆమె ఎప్పటిలాగే చీర కుచ్చెళ్ళు ఎత్తిపట్టుకుని, ఒక్కో మెట్టుకూ రెండు పాదాలూ ఆనించి దిగుతోంది.

తరువాతి వారం బాగేపల్లి. అక్కడ మా మేనత్త ఉంది, అంటే అవ్వ కూతురు. బాగేపల్లి నుంచి చిక్కబళ్ళాపురానికి పెద్ద రోడ్డు, బస్సులు ఆగకుండా పోతాయి. "నా ఇల్లు ఉండగా పరాయి ఇంట్లో ఉంటాదా నా మేనకోడలు?" అని అత్త ఫోనులో నాయనతో పోట్లాడింది. మేము పోయేసరికి ఒక గది సిద్ధంగా ఉంది. గోడలకు లేత గులాబీరంగు సున్నం, కొత్త టేబులు, కొత్త దీపం, కిటికీకి పూల తెర. అత్త నన్ను భుజాలు పట్టుకుని గది మధ్యలో నిలబెట్టి, "ఇది నీదే. ఈ నాలుగేండ్లే కాదు, ఎప్పటికీ నీదే," అంది. అత్త కళ్ళల్లో నీళ్ళు. ఆ ప్రేమ నిజమైనదే, అందులో నాకు ఎప్పుడూ అనుమానం లేదు.

గడప దగ్గర మా బావ, అత్త కొడుకు, ఫోను చూసుకుంటూ నిలబడ్డాడు. తల ఎత్తలేదు. చెవులు మాత్రం ఎర్రగా ఉన్నాయి.

తిరుగు బస్సులో అవ్వ కిటికీ పక్కన కూర్చుంది. ఒక టోల్ గేటు దాటాక నా వైపు తిరిగింది.

"గది బాగుండాది."

"బాగుండాదవ్వా."

"నీకు ఇష్టమా?"

"గదేనా?"

"కాదు. మీ బావ."

మా ఇంట్లో పెద్దవాళ్ళు ఆ ప్రశ్న పిల్లలను అడగరు. సంబంధం కుదిరాక చెబుతారు, అంతే. "తెలీదవ్వా," అన్నాను. "ఇప్పుడు తెలుసుకోవాలని కూడా లేదు."

"అట్లయితే ఆ ఇల్లు వద్దు," అంది అవ్వ. ఎంత సులువుగా అంది! "తెలీకుండా ఒక ఇంట్లోకి పోతే ఆ తరవాత తెలుసుకునేదేమీ ఉండదు పాపా. అలవాటు అయిపోతాది. అలవాటు వేరే, ఇష్టం వేరే."

"అత్త బాధపడుతుంది కదవ్వా?"

"పడతాది. నా బిడ్డ కదా, నేను చెప్తాను. నువ్వు చెప్పేది ఏమీ లేదు."

చెప్పింది కూడా. అదే సాయంత్రం, అందరి ముందూ, స్పీకరు పెట్టమని నాతోనే ఫోను చేయించి చెప్పింది. గొంతు పెంచలేదు, సాకులు చెప్పలేదు. "దానికి నీ ఇంట్లో ఉండేది ఇప్పుడు ఇష్టం లేదు. నువ్వు గదికి రంగేసింది నాకు చాలా నచ్చింది. నీ మీద కోపం లేదు, నీకు కోపమొస్తే కోపపడు," అంది. అత్త ఆరు నెలలు మాతో మాట్లాడలేదు. ఆ ఆరు నెలలూ అవ్వ ప్రతి శుక్రవారం ఫోను చేసి, అవతల ఎత్తకపోతే, మళ్ళీ శుక్రవారం చేసేది.

ఇక మూడో ప్రయత్నం. ఈసారి చిక్కబళ్ళాపురంలో బస్సు దిగగానే అవ్వ నేను రాసుకొచ్చిన పీజీల పేర్ల చీటీని చూడనైనా చూడలేదు. నేరుగా పూలమ్మే ఒకామె దగ్గర కూర్చుంది. ఒక మూర చేమంతులు కొని, తలలో పెట్టమని నాకిచ్చి, ఆమెతో ఊళ్ళో నీళ్ళ సంగతి, వానల సంగతి మాట్లాడి, చివరికి, "ఈ పిల్ల కాలేజీకి పోతాది. నీ బిడ్డ అయ్యుంటే యాడ ఉంచుతావమ్మా?" అని అడిగింది.

పూలామె ఆలోచించింది. తొందరపడకుండా, పూలు కడుతూనే ఆలోచించింది. "పాతపేటలో ఒక టీచరమ్మ ఉండాది. మేడమీద రూము ఖాళీ. కానీ ఊరికే ఎవరికీ ఇయ్యదు," అని దారి చెప్పింది.

ఆ ఇల్లు సన్నని వీధి చివర ఉంది. టీచరమ్మ పొడుగ్గా, తెల్లటి నూలుచీరలో, రిటైరై చాలా ఏళ్ళయినా ఇప్పుడే హాజరు వేయబోతున్న మనిషిలా ఉంది. పెళ్ళి చేసుకోలేదట. ఒక్కతే. కన్నడంలో మొదలుపెట్టి, మా మాట విని తెలుగులోకి మారింది. "ఒంటరి ఆడపిల్లలకు ఇచ్చేది లేదమ్మా. ఇంతకుముందు ఇచ్చి చాలా చూసినాను. జవాబుదారి నా మీద పడతాది. ఫ్యామిలీకి మాత్రమే ఇస్తాను."

నేను వెనక్కి తిరగబోయాను. అవ్వ మాత్రం అరుగు మీద కూర్చుని నీళ్ళు అడిగింది. చెంబెడు నీళ్ళు తాగి, రుచి చూసినట్టు తల ఊపి, మూతి తుడుచుకుని, "మేము ఫ్యామిలీనే," అంది.

"ఎంతమంది?"

"ఇద్దరము. నేనూ, ఇదీ."

నేను అవ్వ వైపు చూశాను. ఆమె నా వైపు చూడలేదు. టీచరమ్మ మాత్రం మమ్మల్ని ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

"ఇది కాలేజీకి పోతాది. దినమంతా మీరు ఏం చేస్తారు ఈడ?"

"నాకూ అదే చూడాలని ఉండాదమ్మా," అంది అవ్వ.

టీచరమ్మ లోపలికి పోయి తాళంచెవి తెచ్చింది.

బస్సులో నేను ఇంక ఆగలేక, "అవ్వా, నిజంగానే అన్నావా?" అని అడిగాను.

"అబద్ధం చెప్పి ఒకరింట్లో దిగుతానా?" అని కళ్ళు మూసుకుని నిద్రపోయింది. నాకు మాత్రం శిడ్లఘట్ట దాటినా కునుకు రాలేదు.

ఇంట్లో పెద్ద గొడవే అయింది. ఈ వయసులో మెట్లు ఎక్కుతావా అన్నారు, జనం ఏమనుకుంటారన్నారు, కొడుకులు గెంటేశారని అనుకోరా అన్నారు. అవ్వ అన్నిటికీ, "ఒక నెల. పిల్లకు అలవాటయ్యేదాకా," అని ఒకటే జవాబు చెప్పింది. గొడవ సాగుతుండగానే మా అమ్మ లోపలినుంచి ఒక సంచి తెచ్చి అవ్వ పక్కన పెట్టింది. అందులో అవ్వ చీరలు మడతపెట్టి ఉన్నాయి, మోకాళ్ళ నూనె, కళ్ళద్దాలు, చిన్న రోలు. "అత్తా, మీరు పోండి. ఈడ నేను చూసుకుంటాను," అంది. ఆ అత్తాకోడళ్ళ మధ్య ఏ మాటలు ఎప్పుడు జరిగాయో నాకు ఇప్పటికీ తెలియదు.

మేడగది అంటే ఒక గది, దానికి ఆనుకుని వంటకు చిన్న చోటు, బయట మిద్దె. మొదటి రోజు అవ్వ తలుపు మూసి తాళం వేసింది, తీసింది, మళ్ళీ వేసింది. మా చింతామణి ఇంటికి తాళం వేయడమన్నది ఎరగం. ఎప్పుడూ ఎవరో ఒకరు ఉంటారు. "నా చేతికి ఒక ఇంటి తాళంచెవి రావడం ఇదే మొదలు," అని ఆమె దాన్ని చీర కొంగుకు ముడివేసుకుంది.

మరుసటి పొద్దున నేను లేచేసరికి మంచం పక్కన కాఫీ ఉంది, అవ్వ లేదు. మిద్దె మీదికి పోయి చూస్తే పిట్టగోడ దగ్గర నిలబడి ఉంది. ఆమె చేతిలోని కాఫీ మీద మీగడ కట్టింది. ఎదురుగా కొండలు. నడుము దాకా మంచు, పైన నల్లటి రాయి, రాయి అంచున అప్పుడే పడుతున్న ఎండ.

"ఆ కొండ పేరేమి?"

"నంది కొండ అవ్వా. తెలీదా?"

"పేరు విన్నాను. అదే ఇది అని తెలీదు," అంది. "పెండ్లయి వచ్చేటప్పుడు బస్సులోనుంచి చూసినాను. ఆ కొండ పేరేమని అడగాలని నోటిదాకా వచ్చింది. ముందర సీటులో మా మామ కూర్చోని ఉండె. కొత్త కోడలు అడగచ్చో లేదో తెలీక ఊరకుండిపోతిని. ఆ తరవాత అడిగేదానికి కొండ కనపడలేదు."

యాభై ఏళ్ళకు పైగా ఒక మనిషి మనసులో ఒక ప్రశ్న అలా కూర్చుని ఉండగలదని నాకు తెలియదు. ఆ రోజు క్లాసులో ఏం చెప్పారో ఒక్క ముక్క గుర్తులేదు.

అవ్వకు తెలుగు అక్షరాలు వచ్చు. కన్నడం ధారాళంగా మాట్లాడుతుంది గానీ చదవడం రాదు. రాదని ఆమె అనుకుంది. మేమూ అనుకున్నాము. పది రోజులు గడిచాక సాయంత్రం నేను కాలేజీ నుంచి వస్తుంటే వీధి మొదట్లో టీచరమ్మ, అవ్వ నిలబడి ఉన్నారు. టీచరమ్మ మందుల అంగడి బోర్డు వైపు గొడుగు చూపి, "చదవండి," అంటోంది. అవ్వ కళ్ళు చిట్లించి, ఒక్కో అక్షరం కూడబలుక్కుని, "ఔ...ష...ధి," అంది. ఆగింది. నా వైపు తిరిగింది. ఆమె ముఖం నేను మరిచిపోలేను.

"పాపా, ఇది మన అక్షరమే! తల కొంచెం తిప్పి రాసినారు, అంతే!"

"అంతేనవ్వా."

"అంతేనా? మరి ఇన్నేండ్లు నాకు ఎవరూ చెప్పలేదు పో!"

ఎవరు చెబుతారు? మేమంతా బడిలో కన్నడం చదువుకున్నవాళ్ళమే. రోజూ ఆమె పక్కనే కూర్చుని పేపరు తిరగేసినవాళ్ళమే. నాకు సిగ్గు వేసింది. కానీ అవ్వకు నా సిగ్గుతో పని లేదు. ఆమె అప్పటికే పక్క బోర్డు మీద పడింది. ఆ నెలంతా మా వీధిలో ఆమె చదవని గోడ లేదు. బస్సు మీది ఊళ్ళ పేర్లు, పాలప్యాకెట్టు మీది అక్షరాలు, కరెంటు బిల్లు, రాజకీయ పోస్టర్లు అన్నీ బిగ్గరగా చదివేది. ఎంతో కాలంగా మూగగా ఉన్న ఊరు తనతో మాట్లాడటం మొదలుపెట్టినట్టు మురిసిపోయేది.

నెల నిండటానికి రెండు మూడు రోజులుందనగా ఒక మధ్యాహ్నం క్లాసులు త్వరగా అయిపోయి నేను ఇంటికి వచ్చాను. తలుపుకు తాళం. టీచరమ్మ శిడ్లఘట్టలో పెళ్ళికి పోయింది. అవ్వ ఫోను గదిలోనే మోగుతోంది. వీధి చివరదాకా పోయాను, పూలామెను అడిగాను, గుడి దగ్గర చూశాను. నాయనకు ఫోను చేయాలా వద్దా అని అరుగు మీద కూర్చుని కొట్టుమిట్టాడుతుంటే, సాయంత్రం ఎండ వాలుతుండగా వీధి మలుపులో అవ్వ కనపడింది. చీర అంచు తడి, జుట్టు చెదిరి, ముఖం మాత్రం కడిగిన పళ్ళెంలా మెరుస్తోంది.

"యాడికి పోయినావవ్వా? నా ప్రాణం పోయింది!"

"కొండకు," అంది. "బోర్డు చదివి ఎక్కినాను. నంది అని రాసుండె. కండక్టరును కూడా అడగలేదు." నా పక్కన కూర్చుంది. ఊపిరి తీసుకుంది. "మబ్బు లోపల నిలబడినాను పాపా. కింద నుంచి చూస్తే మబ్బు, ఆడికి పోతే నీళ్ళ చెమ్మ. ఎవరి ముఖమూ ఎవరికీ కనపడలేదు. భయమేసింది. బలే ఉండె."

తిట్టాలని నోరు తెరిచాను. ఏడ్చాను. ఆమె నన్ను ఏడవనిచ్చి, "ఆదివారం నిన్ను తోడుకొని పోతాను," అంది.

తోడుకొని పోయింది. నేనే ఆమె వెనకాల నడిచాను. కొండ మీద జనం ఫోటోలు తీసుకుంటున్నారు, ఉడకబెట్టిన వేరుశెనక్కాయలు తింటున్నారు. అవ్వ వాళ్ళందరినీ దాటించి, ఒక బండ దగ్గర నన్ను కూర్చోబెట్టి, "ఇంక మాట్లాడొద్దు," అంది. మొదట లోయ కనపడింది. ద్రాక్షతోటలు, చెరువులు, చీమల్లా లారీలు, దూరంగా మా ఊరు ఉండవలసిన చోట పొగమంచు. అప్పుడు కిందినుంచి తెల్లగా ఏదో లేచింది. చూస్తుండగానే తోటలు మాయమయ్యాయి, చెరువులు మాయమయ్యాయి, చెట్టు మాయమైంది, నా పాదాలు మాయమయ్యాయి. చెవులు మూసుకుపోయినట్టు నిశ్శబ్దం. చెంపల మీద చల్లటి తడి. చెయ్యి చాపితే అవ్వ చెయ్యి తగిలింది, మనిషి కనపడలేదు. ఎంతసేపు అలా ఉన్నామో తెలియదు. పద్దెనిమిదేళ్ళ నాకూ, డెబ్బై ఏళ్ళ ఆమెకూ ఆ తెల్లదనంలో తేడా ఏమీ లేదనిపించింది. మబ్బు తొలగినప్పుడు అవ్వ కనురెప్పల మీద సన్నటి నీటిచుక్కలు. అవి ఏడుపువో, మబ్బువో నేను అడగలేదు.

నెల కాగానే నాయన కారు తీసుకుని వచ్చాడు. గది చూశాడు, పిట్టగోడ చూశాడు, అవ్వ చేసిన ఉప్మా తిన్నాడు. "ఇంక బయలుదేరమ్మా. పిల్లకు అలవాటైంది కదా," అన్నాడు.

"దానికి అలవాటైందప్పా. నాకు ఇంకా కాలేదు," అంది అవ్వ.

నాయన నవ్వబోయి ఆగాడు. "నలుగురూ అడుగుతాండారమ్మా. మీ అమ్మ యాడ అని. ఏం చెప్పేది?"

"చిక్కబళ్ళాపురంలో ఉండాదని చెప్పు."

"నీకు ఇంట్లో ఏం తక్కువైంది?"

అవ్వ కొంగున ఉన్న తాళంచెవి ముడి సర్దుకుంది. "ఏమీ తక్కువ కాలేదు. మీరు బంగారట్ల చూసుకున్నారు. అయితే పుట్టినిల్లు నేను చూసి పుట్టలేదు. మెట్టినిల్లు మా నాయన చూసినాడు. నువ్వు యాడుంటావని నన్ను ఎప్పుడూ ఎవరూ అడగలేదప్పా. ఇది కాలేజీకి పోతే యాడుంటాదని అడిగినారు. ఆ అడగడంలోనే నన్నూ అడిగినట్టు అనుకున్నాను. ఇది నేను చూసుకున్న ఇల్లు. ఇంకొన్నాళ్ళు ఉంటాను."

నాయన చాలాసేపు కిటికీ వైపు చూశాడు. కోపమొచ్చిందనుకుని నేను భయపడ్డాను. ఆయన కిందికి దిగి కారు తీసుకుని పోయాడు. గంట తరువాత గ్యాసు సిలిండరు భుజాన పెట్టుకుని రొప్పుతూ మెట్లెక్కి వచ్చాడు. "ఆ చిన్న స్టవ్వుతో ఎన్నాళ్ళు చేస్తావు?" అని మాత్రం అన్నాడు. తరువాత వారం వారం వచ్చేవాడు. చింతామణిలో ఒకే ఇంట్లో ఉండగా తల్లీకొడుకులు పది నిమిషాలు కూర్చుని మాట్లాడుకోగా నేను చూడలేదు. ఇక్కడ మిద్దె మీద చాప వేసుకుని గంటలు గంటలు మాట్లాడుకునేవారు. ఆయన చిన్నప్పుడు బడి ఎగ్గొట్టిన కథలు నేను మొదటిసారి అక్కడే విన్నాను.

అత్త కోపం చల్లారక ముందే ఒకరోజు మా బావ ఒక సంచి వేరుశెనక్కాయలు మోసుకుని వచ్చాడు. అవ్వ కాళ్ళకు దండం పెట్టి, నా వైపు తిరిగి, "నువ్వు రానన్నావని విని నేనూ హాయిగా ఊపిరి పీల్చుకున్నాను," అన్నాడు. ఇద్దరం పగలబడి నవ్వాము. పుట్టినప్పటినుంచి తెలిసిన మనిషితో అదే నా మొదటి అసలైన మాట.

నాలుగేళ్ళు ఆ గదిలో గడిచాయి. పరీక్షల ముందు అవ్వ నా పుస్తకాల అట్టల మీది ఇంగ్లీషు అక్షరాలు కూడా కూడబలుక్కునే దశకు వచ్చింది. నాకు బెంగళూరులో ఉద్యోగం దొరికింది. మళ్ళీ యాడ ఉండాలి అన్న ప్రశ్న వచ్చినప్పుడు, "అవ్వా, నా జతలో వస్తావా?" అని అడిగాను. లోపల్లోపల వస్తుందనే అనుకున్నాను.

"రాను పాపా. ఈసారి నీ ఒక్కదాని ఇల్లు నువ్వే చూసుకో," అంది. ఆమె తన మంచం కిందికి, టీచరమ్మ ఇంట్లోని వెనక గదిలోకి మార్చుకుంది. ఇప్పుడు ఆ ఇద్దరికీ వంట ఒకటే, పేపరు ఒకటే, పేపరు కోసం పోట్లాట మాత్రం రోజూ కొత్తదే. మేడగది కాలేజీ ఆడపిల్లలకు ఇస్తున్నారు. ఫ్యామిలీకే అన్న మాట టీచరమ్మ మళ్ళీ ఎత్తలేదు.

పోయిన నెల చెప్పకుండా వెళ్ళాను. నేను మెట్లెక్కేసరికి పైన గది చూడటానికి బాగేపల్లి వైపు పల్లె నుంచి వచ్చిన ఒక తల్లీ కూతురూ ఉన్నారు. తల్లి నీళ్ళ సంగతి, గేటు సంగతి అడుగుతోంది. అవ్వ అన్నిటికీ జవాబు చెప్పింది. గదిని పొగడలేదు, తీసుకొమ్మని అనలేదు. అన్నీ అయ్యాక ఆ పిల్ల వైపు తిరిగి, "నీకు నచ్చిందామ్మా?" అని అడిగింది.

పిల్ల తల్లి వైపు చూసింది.

"అమ్మను కాదు, నిన్ను అడిగినాను."

పమిట అంచు వేలికి చుట్టుకుంటున్న తల్లీ, గడప దగ్గర నేనూ, గోడకానుకుని అవ్వా, అందరమూ ఎదురుచూస్తూ నిలబడ్డాము. అవ్వకు ఏ తొందరా లేదు. ఒక పిల్ల నోటినుంచి రాబోయే ఒక్క మాట కోసం ఒక పెద్దమనిషి అంత ఓపికగా, అంత మర్యాదగా నిలబడటం నేను ఇంకెక్కడా చూడలేదు.

చివరికి ఆ పిల్ల గొంతు సవరించుకుని, "బాగుండాదవ్వా. అయినా ఇంకొక రెండిండ్లు చూసి చెప్తాను," అంది.

"చూడు," అంది అవ్వ సంతోషంగా. "బాగా చూసుకొని రా."